పరువు కోసం చంపానంటే శిక్ష తగ్గాలా, పెరగాలా?

ఇంటి పరువు కోసమే చంపానని నిందితుడు చెబితే, శిక్ష వేసేటప్పుడు కోర్టు ఆ మాటను ఎలా చూడాలి? ఇద్దరు క్రిమినల్ లాయర్ల వాదన ఇది.

డిఫెన్స్: హత్య జరిగింది, కాదనను. కానీ ఆ మనిషి ఎంత ఒత్తిడిలో ఉన్నాడో చూడరా? 2009లో, చెల్లెలి భర్తనూ, అతని తండ్రినీ చంపిన కేసులో సుప్రీంకోర్టు అన్నకు ఉరి తప్పించి యావజ్జీవం వేసింది. కులం పట్టు అతని మీద ఎంత బలంగా ఉందో లెక్కలోకి తీసుకుంది.

ప్రాసిక్యూషన్: ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదండీ. రెండేళ్లకే, 2011లో, భగవాన్ దాస్ కేసులో అదే కోర్టు పరువు హత్యలు ‘అత్యంత అరుదైన’ కేసుల కోవలోకి, అంటే ఉరి వేయదగ్గ వాటిలోకి, వస్తాయంది. అయినా ఒత్తిడి ఏమిటి? భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ అధికారి నానావతి కేసులో ఏం చెప్పారు? భార్య నిజం చెప్పాక కాల్పులకు ముందు గడిచిన మూడు గంటలు ఆవేశం చల్లారడానికి చాలన్నారు. ఇక్కడ రోజుల తరబడి ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటారు. ఎవరు చంపాలో, ఎక్కడ చంపాలో ముందే తేల్చుకుంటారు. దీన్ని ఆవేశం అనగలమా?

డిఫెన్స్: నా బాధా అదే. తేల్చేది పెద్దలు, కత్తి పట్టేది ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు. టర్కీలో 2004 చట్టం ఆచారం పేరుతో చేసే హత్యకు కఠిన యావజ్జీవం పెట్టింది. మైనర్లకు శిక్ష తక్కువని వాళ్లతో చంపించిన కుటుంబాలూ అక్కడ ఉన్నాయి.

ప్రాసిక్యూషన్: అయితే కుట్ర కింద పెద్దల్నీ బోనెక్కిద్దాం. కుర్రాడి వయసు చూడండి, పేదరికం చూడండి. పరువును మాత్రం చూడొద్దు. ఇటలీలో 1981 దాకా భార్యనో కూతురినో అక్రమ సంబంధంలో చూసి, ఆ కోపంలో పరువు కోసం చంపితే 3 నుంచి 7 ఏళ్లే. మామూలు హత్యకు కనీసం 21 ఏళ్లు. అంటే ఆ ఆడమనిషి ప్రాణం విలువ ఎంతో చట్టమే కట్టింది! బ్రెజిల్ సుప్రీంకోర్టు 2023లో, ‘పరువు రక్షణ’ అనే వాదన జ్యూరీ ముందు ఎత్తడానికే వీల్లేదంది. ఎత్తితే విచారణ చనిపోయినామె నడవడిక మీదికి మళ్లుతుంది.

డిఫెన్స్: నోరే నొక్కేస్తే నిందితుడు తన కథ చెప్పుకునేదెలా?

ప్రాసిక్యూషన్: చెప్పుకోనివ్వండి. ఆ కథే హత్యకు కారణాన్ని రుజువు చేస్తుంది. నా టెన్షన్ అంతా సాక్షులతోనే. అందరూ ఆ ఇంటివాళ్లే. కన్నతల్లే కోర్టులో అడ్డం తిరుగుతుంది.

డిఫెన్స్: కూతురు ఎలాగూ పోయింది, కొడుకైనా మిగలాలని.

ప్రాసిక్యూషన్: తెలుసండీ. అందుకే ఆమె వాంగ్మూలం పోలీసుల దగ్గర ఆపను. మొదటి రోజుల్లోనే మేజిస్ట్రేట్ ముందు చెప్పిస్తాను.