సముద్రం పక్కన ఉండీ తడవని వాళ్ళం

నేను పుట్టి పెరిగింది విశాఖలో, పెదవాల్తేరులో. ఇంటి నుంచి బీచ్ రోడ్డుకి నడిచి వెళ్ళిపోవచ్చు. ఇరవై రెండేళ్ళ పాటు నా సాయంత్రాలన్నీ అక్కడే గడిచాయి. పొట్లంలో మురీ మిక్చరు, నిప్పుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్దిన మొక్కజొన్న పొత్తు, గట్టు మీద కబుర్లు. ఇన్నేళ్ళలో సముద్రంలో ఎంత లోతుకి దిగానయ్యా అంటే మోకాళ్ళ దాకా. అదీ నాన్న చెయ్యి పట్టుకుని.

అప్పట్లో అది తెలివైన పనే. మా తీరంలో కెరటం కాళ్ళకింద ఇసుకని లాగేసే తీరు చూసినవాళ్ళెవరూ కాదనరు. ఈత నేర్పేవాళ్ళు లేరు, మునిగితే లాగేవాళ్ళు జాలరి పిల్లలే. పైగా పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని అమ్మ ఆంక్ష. కార్తీక పౌర్ణమికి మూడు మునకలు వేసి వచ్చేసేవాళ్ళం.

కానీ సిడ్నీకి వచ్చి, మరూబ్రాలో ఇల్లు తీసుకుని, పొద్దున్నే కిటికీ తీస్తే ఉప్పుగాలి కొట్టే చోట ఉంటూ కూడా ఎనిమిదేళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాను చూడండి, దానికి మాత్రం సాకు లేదు. నా ఒక్కదాని సంగతే అయితే రాసేదాన్ని కాదు. మనందరిదీ ఇదే వరస.

ఇక్కడి మన తెలుగు సంఘం బీచ్ పిక్నిక్కే తీసుకోండి. ఏడాదికోసారి, డిసెంబరులో. పదకొండింటికి రమ్మంటే పన్నెండున్నరకి చేరతాం, ఎండ నడినెత్తికి వచ్చాక. ముందు నీడ కోసం వెతుకులాట. తర్వాత కౌన్సిల్ వాళ్ళు పెట్టిన బార్బెక్యూ ప్లేటు దగ్గర క్యూ. మనకంటే ముందు దాని మీద ఎవరేం కాల్చారో అని రెండు పొరల అల్యూమినియం ఫాయిల్ పరిచి మరీ మొక్కజొన్నలు పెడతాం. (ఆ ఫాయిల్ పరిచే డ్యూటీ ప్రతిసారీ నాకే ఎందుకు పడుతుందో కార్యవర్గం చెప్పాలి.) పులిహోర, తంబోలా, అంత్యాక్షరి, గ్రూప్ ఫోటో. ఆ ఫోటోలో సముద్రం మన వెనకాల ఉంటుంది. పోయినేడు డెబ్బై మందిదాకా వచ్చాం. నీళ్ళలోకి దిగింది తొమ్మిది మంది పిల్లలు, ఒక కొత్తల్లుడు.

భయం ఉంది, నిజమే. మా మేనల్లుడు ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన మొదటి నెలలో, స్నేహితులతో కలిసి జెండాలు లేని చోట దిగాడు. అలలు విరగకుండా నీళ్ళు నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపించాయట. ప్రశాంతంగా ఉంది కదా అని అక్కడే దిగారు. ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. ఇక్కడివాళ్ళు దాన్ని రిప్ అంటారు. నిమిషంలో కాలికి నేల అందలేదు. ఒడ్డుకి ఎదురీదీ ఎదురీదీ సొమ్మసిల్లే వేళకి ఎవరో సర్ఫింగ్ చేస్తున్నాయన తన బోర్డు మీద వేసుకుని తీసుకొచ్చాడు. వాడు ఇప్పటికీ ఆయన పేరు కనుక్కోలేదని బాధపడతాడు. రిప్‌లో చిక్కితే దానితో పోట్లాడకూడదు, వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తాలి, ఓపిక ఉంటే తీరం వెంబడి పక్కకి ఈదాలి. ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగితే, మునిగేవాళ్ళని కాపాడే లైఫ్‌సేవర్ల కళ్ళు మన మీదే ఉంటాయి. ఈ రెండు ముక్కలూ మనవాళ్ళ పిల్లలకి వీసా కాగితాలతో పాటు చెప్పి పంపించాలి. భయపడి దూరంగా కూర్చున్నవాళ్ళకి మాత్రం ఇవి ఎప్పటికీ తెలియవు.

ఇక రెండో సాకు బట్టలు. ఇక్కడివాళ్ళలాగా మనం ఎలా దిగుతాం అంటారు. ఒకప్పుడు ఇక్కడ పగటిపూట సముద్ర స్నానమే నిషేధం. 1902లో మేన్లీలో విలియం గోచర్ అనే పత్రికా సంపాదకుడు పట్టపగలు దిగుతానని ముందే ప్రకటించి మరీ దిగాడు. మరుసటేడు మేన్లీ కౌన్సిల్ ఒప్పుకుంది, మెడ నుంచి మోకాళ్ళ దాకా బట్ట ఉండాలన్న షరతు మీద. అంటే మనం ఈనాడు వేసుకునే పొడుగు చేతుల ఈత చొక్కా (రాషీ అంటారు), లెగ్గింగ్స్ వాళ్ళ ముత్తవ్వల పద్ధతే. చుడీదార్‌తో మాత్రం దిగకండి. తడిస్తే ఆ చున్నీ, ఆ బరువూ మనిషిని కిందికి లాగుతాయి.

నన్ను మోకాళ్ళు దాటించింది కూజీలోని మెకైవర్స్ లేడీస్ బాత్స్. రాళ్ళలో కట్టిన సముద్రపు కొలను. ఆడవాళ్ళకీ చిన్నపిల్లలకీ తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. 1920ల నుంచీ ఒక మహిళా ఈత సంఘమే నడుపుతోంది. టికెట్టు ఒక కాఫీ కన్నా తక్కువ. కొండ అంచున మెట్లు దిగి వెళితే, పెద్ద అల వచ్చినప్పుడల్లా గోడ మీంచి నురగ దూకి కొలనులో పడుతుంటుంది. ఎనభై ఏళ్ళ బామ్మ వెల్లకిలా ఈదుతూ ఆకాశాన్ని చూస్తుంటుంది. పూర్తిగా కప్పుకున్న ముస్లిం అమ్మాయిలు పక్కనే ఉంటారు. ఎవరూ ఎవర్నీ చూడరు.

రెండేళ్ళ కిందట అమ్మ వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్ళాను. "ఇవాళ పర్వమేంటే?" అంది.

"ఏకాదశమ్మా," అన్నాను. నిజానికి నవమి.

రాతి మెట్టు మీద కూర్చుని ముందు నీళ్ళు నెత్తిన చల్లుకుంది. తర్వాత ఇనుప కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి నడుము దాకా వచ్చాక ఆగింది. ఒక అల గోడ దాటి వచ్చి భుజాల మీద పడింది. డెబ్బై రెండేళ్ళ మనిషి చిన్నపిల్లలా కెవ్వున అరిచింది. కడ్డీ అవతల బామ్మ నవ్వింది, ఈమె తిరిగి నవ్వింది. ఒకరి భాష ఒకరికి రాదు. గంటసేపు ఎంత పిలిచినా బయటికి రాలేదు.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. ఇక్కడి సర్ఫ్ క్లబ్బుల్లో నిప్పర్స్ అని ఐదేళ్ళు దాటిన పిల్లలకి వేసవి ఆదివారాలు పొద్దున్నే సముద్రం గురించి నేర్పిస్తారు. ఇసుక మీద పరుగులు, బోర్డు తొయ్యడం, రిప్‌ని గుర్తుపట్టడం. మన పిల్లలు ఆ టైముకి, ప్రవేశ పరీక్ష రాసి చేరే సెలెక్టివ్ స్కూళ్ళ కోచింగులో ఉంటారు. కోచింగు వద్దనే ధైర్యం నాకు లేదు, మా అబ్బాయీ వెళ్ళాడు. కానీ ఇరవై ఏళ్ళొచ్చాక ఇప్పుడు నాతో పాటు ఈత క్లాసుకి వస్తున్నాడు, నాకన్నా వెనకబడి.

సిడ్నీకి పడమట పారమట్టా, వెంట్వర్త్‌విల్ వైపు ఉండేవాళ్ళు నీకేం, పక్కనే బీచ్ అంటారు. ఒప్పుకుంటాను, అక్కడి నుంచి గంట ప్రయాణం, పైన పార్కింగ్ గోల. అందుకే ఏడాదికోసారి మహా పిక్నిక్ పెట్టే బదులు, నెలకో ఆదివారం పొద్దున ఏడింటికి పదిమంది కలిస్తే చాలంటున్నాను. ఆ వేళకి పార్కింగ్ దొరుకుతుంది, ఎండ మాడ్చదు, నల్లబడతామన్న బెంగా ఉండదు. లైఫ్‌సేవర్లు డ్యూటీకి వచ్చేదాకా ఇసుక మీద నడవొచ్చు. పిక్నిక్ పెట్టి తీరాలంటే మార్చిలో పెట్టండి. సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది, డిసెంబరు కంటే అప్పుడే నీళ్ళు బాగుంటాయి.

పులిహోర నేనే తెస్తాను. కాకపోతే డబ్బా కారులోనే ఉంటుంది. జుట్టు తడిసినవాళ్ళకే తాళం ఇస్తాను.