ఏనుగు బతికినా 240 మిలియన్లు

బేస్‌బాల్‌లో వానప్రస్థం 28వ ఏట మొదలవుతుంది. బ్యాటర్ సత్తా 27 దగ్గర పతాకస్థాయికి చేరుతుందనీ, ఆ తర్వాత దిగుడేననీ 1980ల్లోనే బేస్‌బాల్ గణాంకాల పండితుడు బిల్ జేమ్స్ లెక్కకట్టి చెప్పాడు. ఆయనేమో చిక్కుడు గింజల డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాస్తూ ఈ లెక్కలు వేసినవాడు. ఆటలో పండిపోయిన పెద్దలు వినలేదు, న్యాయమే. కాపలావాడు దొంగ వచ్చాడని అరిస్తే వినాలి గానీ, ముసలితనం వచ్చిందంటే ఎవరు వింటారు?

అందుకే 2011 డిసెంబరులో లాస్ ఏంజిలెస్ ఏంజిల్స్ జట్టువారు, అప్పటిదాకా సెయింట్ లూయిస్ జట్టుకు ఆడిన, జనవరిలో 32 నిండబోతున్న బ్యాటర్ ఆల్బర్ట్ పుహోల్స్‌కు పదేళ్లకు 240 మిలియన్ డాలర్లు రాసిచ్చారు. చెల్లింపుల వరస చూడండి: 2012లో 12 మిలియన్లు, 2013లో 16, ఆ మరుసటేడు 23, అక్కణ్ణుంచి ఏటా ఒక్కోటి పెంచుకుంటూ 2021లో 30. ఒంట్లో సత్తువ తగ్గేకొద్దీ జీతం పెరగాలన్న ఈ సూత్రాన్ని తప్పుపట్టలేం. ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అని మనవాళ్లు అననే అన్నారు. అమెరికావాళ్లు దాన్ని లాయర్లతో రాయించుకున్నారు, అంతే తేడా.

బ్యాటర్‌కు వయసు మీదపడటం జుట్టు నెరిసినట్టు పైకి కనిపించేది కాదు. బంతి విసిరే పిచర్ నిలబడే చోటి నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కు 60 అడుగుల 6 అంగుళాలు. గంటకు 95 మైళ్ల బంతి సుమారు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. బ్యాటు వేగంగా తిప్పగలవాడు ఆ 0.4లో కాస్త ఆగి, ఏ బంతో చూసి కొడతాడు. వేగం తగ్గినవాడికి ఆగే తీరిక ఉండదు, ముందే తిప్పడం మొదలెట్టాలి. దాంతో స్లైడర్ అనే బయటికి జారే బంతికి ఎర పడతాడు, బంతి నేలబారుగా షార్ట్‌స్టాప్ అనే ఫీల్డరు చేతిలోకి పోతుంది. ఈలోపు కాళ్లూ మొరాయిస్తాయి. 2013 జులైలో పుహోల్స్‌కు అరికాలి పట్టీ చినిగి ఆ సీజన్ అక్కడితో ముగిసింది. లీగులో సగటు ఆటగాడు గట్టిగా పరిగెడితే సెకనుకు 27 అడుగులు పోతాడు. చివరి ఏళ్లలో ఈయన 22 దగ్గరే ఆగాడు. నేలబారు బంతి, నెమ్మది కాళ్లు కలిస్తే ఒక్క దెబ్బకు ఇద్దరు అవుట్. అలా మొత్తం 426 సార్లు డబుల్ ప్లేకు దొరికి చరిత్రలో మొదటి స్థానం సంపాదించాడు. ఏది ఏమైనా రికార్డు రికార్డే.

టీవీ నిపుణుడి విద్వత్తు బయటపడేది ఇక్కడే. 2017లో పుహోల్స్ సగటు .241, అంటే వెయ్యి ప్రయత్నాలకు 241 హిట్లు. హోమ్‌రన్లు, అంటే కంచె దాటించిన దెబ్బలు, 23. ఆర్‌బీఐలు, అంటే తన బ్యాటుతో జట్టుకు తెచ్చిన పరుగులు, 101. నిపుణుడు మొదటి అంకెను మింగి, చివరిదాన్ని గంట కొట్టి చెప్పాడు: 'చూశారా, ఇంకా వంద పరుగులు తెస్తున్నాడు!' ఆర్‌బీఐ రావాలంటే ముందు బేస్‌ల మీద ఎవరో ఉండాలి. ఈయనకు ముందు దిగేది మైక్ ట్రౌట్. ఆ ఏడు ఆయన బేస్ చేరిన శాతం .442. ఇల్లు కట్టినవాడు ఒకడు, గృహప్రవేశంలో పట్టుబట్టలు కట్టుకున్నవాడు ఇంకొకడు.

వార్ అనే లెక్క ఉంది. పేరు యుద్ధంలా వినిపించినా పని చిట్టా ఆవర్జాలదే. కనీస జీతానికి మైనర్ లీగు నుంచి ఎప్పుడంటే అప్పుడు దొరికే ఆటగాడికంటే ఈయన వల్ల జట్టుకు ఎన్ని గెలుపులు ఎక్కువ వచ్చాయన్నది చూస్తుంది. సుమారు పది పరుగులు ఒక గెలుపు. 2017లో పుహోల్స్ లెక్క సున్నా కంటే కిందికి పోయింది. అంటే 26 మిలియన్లు పుచ్చుకున్నవాడి బదులు 5.35 లక్షల డాలర్లవాణ్ని దింపినా జట్టు బాగుపడేది. దీనికి నిపుణుడి దగ్గర సమాధానం సిద్ధం: డ్రెస్సింగ్ రూములో ఆయన పెద్దరికం. కొలవడానికి వీలుకానిది కాబట్టి ఎంతైనా ఉండొచ్చు.

అంకెలవాళ్లకు ఆ సౌకర్యం లేదు. వాళ్ల సీజన్ జోస్యాలు మన పంచాంగ శ్రవణం లాంటివే. కానీ పంతులుగారు 'రాజపూజ్యం 3, అవమానం 6' అని చెప్పి పచ్చడి తిని వెళ్లిపోతారు, ఏడాది చివర ఎవరూ నిలదీయరు. 2015లో పెకోటా అనే లెక్క కాన్సాస్ సిటీ రాయల్స్‌కు 72 గెలుపులు రాసింది. వాళ్లు 95 గెలిచి ప్రపంచ సిరీస్ ఎత్తుకెళ్లారు. 162 ఆటల్లో అదృష్టం ఒక్కటే ఆరు గెలుపులు అటూ ఇటూ లాగుతుందనీ, 72 అంటే నడిమి అంచనా మాత్రమేననీ వాళ్లు మొత్తుకున్నా వినేదెవరు? అంకె చెప్పినవాడు దొరికిపోతాడు. 'వీళ్లలో పట్టుదల ఉంది' అన్నవాడు 72 గెలిచినా 95 గెలిచినా క్షేమమే.

ఇక 2022. నలభై రెండేళ్ల పుహోల్స్ 2.5 మిలియన్లకు పాతగూడు సెయింట్ లూయిస్ చేరాడు. సీజన్ నడుమ వచ్చే ఆల్‌స్టార్ విరామానికి సగటు .215, హోమ్‌రన్లు 6. పాడె కట్టడం మొదలైంది. మిగిలిన సగంలో 18 బాది, సెప్టెంబరు 23న డాడ్జర్స్ మైదానంలో కెరీర్ మొత్తమ్మీద 700వ హోమ్‌రన్ కొట్టి, 703తో విరమించాడు. కుడిచేతి బ్యాటర్‌కు అనువైన ఎడమచేతి పిచర్ల మీదే ఎక్కువగా దింపారనీ, సెయింట్ లూయిస్ ఆడే నేషనల్ లీగుకు ఆ ఏడే డీహెచ్ (బ్యాటింగు మాత్రమే చేసే ఆటగాడు) నిబంధన శాశ్వతంగా వచ్చింది కాబట్టి ఫీల్డింగు బాధ తప్పిందనీ అంకెలవాళ్లు వివరించబోయారు. స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఎడమచేతి వాటం గురించి మాట్లాడేవాణ్ని పెళ్లి పందిట్లో వడ్డీ అడిగేవాడిలా చూస్తారు.

ఏంజిల్స్‌కు ఆ పదేళ్లలో ఆయన తెచ్చిన వార్ మొత్తం సుమారు 13. అంతకుముందు సెయింట్ లూయిస్‌లో 11 ఏళ్లకు 80కి పైనే. ఆ కాంట్రాక్టు నడుస్తున్న కాలంలో ఏంజిల్స్ ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఒక్కసారి, 2014లో. అప్పుడూ ఒక్క ఆటైనా గెలవలేదు. ఇంత ఖరీదైన పాఠం వృథా పోకూడదని కాబోలు, పుహోల్స్ ఒప్పందం ఇంకా రెండేళ్లు మిగిలుండగానే, 2019 డిసెంబరులో, ఆరు నెలల్లో 30 నిండబోతున్న ఆంథనీ రెండన్ అనే బ్యాటర్‌ను ఏడేళ్లకు తీసుకున్నారు. సీజన్‌కు మామూలుగా 162 ఆటలైతే, ఆయన అక్కడ ఏ ఏడాదీ 58కి మించి ఆడలేదు. ఏనుగు ధర ఈసారి 245 మిలియన్లు.