78 పైసల మాహాత్మ్యం

ప్రభుత్వానికి లెక్కలు రావని గిట్టనివాళ్లు అంటుంటారు. వాళ్లకు బడి మధ్యాహ్న భోజనం లెక్క ఒక్కసారి చూపించాలి. ప్రాథమిక పాఠశాల పిల్లవాడి ఒక పూట భోజనంలో పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాసు, అన్నిటికీ కలిపి కేంద్రం 2025 మే 1 నుంచి ఖరారు చేసిన మొత్తం 6 రూపాయల 78 పైసలు. ఒక్క బియ్యమే వేరు. ఏడు రూపాయలు చేసి ఉండవచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. ఆ 22 పైసలు కూడా చేతిలో పెడితే పిల్లలకు చిన్నప్పుడే దుబారా అలవాటవుతుంది.

25 పైసల నాణెం 2011లోనే చెల్లకుండా పోయింది. ఇప్పుడు పైసలకు దిక్కు రెండే చోట్లు: పెట్రోలు బంకు, పిల్లల కంచం.

తలకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అని కొలత కూడా ఉంది. 5 గ్రాములంటే సుమారు ఒక టీ చెంచాడు. ఆవాలు అందులోనే చిటపటమనాలి, వంకాయలు అందులోనే మగ్గాలి. టమాటా ధర చుక్కలు చూపించిన నెలలో చారు రంగు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. గుడ్డు ఈ లెక్కలో లేదు, మన రెండు రాష్ట్రాలూ విడిగా పెడుతున్నాయి. లెక్కలో ఉంటే గుడ్డు కొన్నాక మిగిలిన చిల్లరతో పొయ్యి వెలిగించాల్సి వచ్చేది.

వండిపెట్టే ఆవిడకు కేంద్రం లెక్క ప్రకారం గౌరవ వేతనం నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. అంకె 2009 నాటిది. మన రాష్ట్రాలు పైన కొంత కలిపి 3,000 చేశాయి. వేసవి సెలవుల్లో బడితో పాటు ఆవిడ ఆకలికీ సెలవు ఇచ్చేసిన ఘనత మాత్రం ఢిల్లీదే.

అంగన్‌వాడీ లెక్క మరీ నిలకడైనది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు రోజుకు 8 రూపాయలు. ఈ ధర 2017లో ఖాయమైంది. అప్పటి నిబంధన ప్రకారం అందులో 500 కేలరీలు రావాలి. ఆ తర్వాత ఉద్యోగుల కరువు భత్యం ఏటా రెండుసార్లు సవరించుకుంటూనే ఉన్నారు, ఎందుకంటే పెద్దలు తినే కందిపప్పుకు ధర పెరుగుతుంది, పసివాళ్లు తినే కందిపప్పుకు పెరగదు. 2025 బడ్జెట్ ప్రసంగంలో ఈ మొత్తాన్ని తగిన రీతిలో పెంచుతామన్నారు. తగిన రీతి అంటే ఎంతో అప్పుడు చెప్పలేదు. ముందే చెబితే పిల్లలు ఆశలు పెట్టుకుంటారు.

ఇస్తున్నది దారిమళ్లకుండా 2025 జూలై నుంచి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. ఇంటికి పట్టుకెళ్లే సరుకు కావాలంటే బాలింత మొహాన్ని అంగన్‌వాడీ టీచరు ఫోను గుర్తుపట్టాలి. నిద్ర లేక, తిండి సరిగా లేక మొహం పీక్కుపోయిన మనిషిని పాత ఫొటోతో పోల్చి ఫోను కాదంటే, అది పోషకాహార లోపానికి సాంకేతిక ధ్రువీకరణ. నెట్‌వర్కు దొరికే వేపచెట్టు కిందికి వెళ్లి మళ్లీ ప్రయత్నించవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని బడికి పంపే తల్లులకు డబ్బు ఇచ్చే అమ్మఒడి పథకం పోయి తల్లికి వందనం వచ్చింది. పేరు మారింది, రంగు మారింది, ఫొటో మారింది. 15,000 అని చెప్పి, బడి నిర్వహణ పేరిట 2,000 మినహాయించి, 13,000 ఖాతాలో వేసే సంప్రదాయం మాత్రం చెక్కు చెదరలేదు. ఒకరికొకరు ఎదురుపడని రెండు పార్టీలను ఒక్క తాటి మీదికి తెచ్చిన అంకెగా 13,000కు చరిత్రలో చోటివ్వాలి.

ఇంత పొదుపైన పద్ధతిని పిల్లల దగ్గరే ఆపేయడం అన్యాయం. శాసనసభ్యుల జీతభత్యాలను కూడా 2017 ధరల దగ్గర స్థిరపరచి, పైసలతో సహా లెక్కగట్టి, సభ జరిగిన రోజులకే ఇవ్వాలని నా ప్రతిపాదన. హాజరు పట్టీలో సంతకాలు వద్దు. ఎవరి మొహాన్ని వారే ఫోనుకు చూపించాలి. నియోజకవర్గం గుర్తుపట్టకపోయినా ఫరవాలేదు, ఫోను గుర్తుపడితే చాలు.