జాకీకి శిక్ష వేస్తున్నది స్టీవార్డులా, క్యాలెండరా?

2011 నవంబర్ 1. మెల్‌బోర్న్‌ ఫ్లెమింగ్టన్ రేస్‌కోర్సులో డునాడెన్, రెడ్ కెడో అనే రెండు గుర్రాలు కలిసే గీత దాటాయి. ఎవరు గెలిచారో కంటికి ఆనలేదు, ఫొటో చూసి తేల్చాల్సి వచ్చింది. ముక్కు తేడాతో డునాడెన్‌దే మెల్‌బోర్న్ కప్ అన్నారు. దాని మీద ఉన్నది ఫ్రెంచి జాకీ (రేసులో గుర్రం నడిపేవాడు) క్రిస్టోఫ్ లెమేర్. అసలు ఆ జీను మీద కూర్చోవాల్సింది క్రెయిగ్ విలియమ్స్. ఆ సీజన్లో అప్పటికే సదర్న్ స్పీడ్ అనే గుర్రం మీద కాల్‌ఫీల్డ్ కప్, పింకర్ పింకర్ మీద కాక్స్ ప్లేట్ గెలిచేసి, మూడోది కూడా కొడితే ఆస్ట్రేలియాలో పెద్ద రేసులు మూడూ ఒకే ఏడాది తన ఖాతాలో వేసుకునేవాడు. కప్‌కు కొద్ది రోజుల ముందు బెండిగో అనే ఊళ్లో జరిగిన రేసులో అజాగ్రత్తగా నడిపాడని స్టీవార్డులు, అంటే రేసులో నియమాలు చూసే అధికారులు, సస్పెండ్ చేశారు. అప్పీళ్లు చేసుకున్నా లాభం లేకపోయింది. తను ఎక్కాల్సిన గుర్రం గెలుస్తుంటే చూస్తూ కూర్చున్నాడు.

ఆయన్ను చూసి అయ్యో అనమని కాదు ఇది చెప్పడం. దీని పక్కన పెట్టి చూడాల్సిన ఇంకో కేసు ఉంది. అక్కడికి వెళ్లేముందు అసలు అజాగ్రత్త అంటే ఏమిటో కాస్త చూడాలి.

దాదాపు అర టన్ను బరువున్న గుర్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, అటూ ఇటూ చెయ్యి పట్టేంత సందులో, పది పదిహేను గుర్రాల మధ్య పరిగెడుతుంటుంది. ముందున్న జాకీ సరిపడా దూరం ముందుకు వెళ్లకుండానే లోపలి రెయిల్ (ట్రాక్ అంచు కంచె) వైపు తిరిగాడంటే, వెనక గుర్రం ముందు కాలు దీని మడమకు తగులుతుంది. హీల్స్ క్లిప్ అయ్యాయంటారు. ఆ తర్వాత ఏ గుర్రం ఎటు పడుతుందో, మీద ఉన్నవాడు ఎవరి డెక్కల కింద పడతాడో చెప్పలేం. రేసు వెనకాలే అంబులెన్స్ పరిగెత్తేది ఊరికే కాదు. చివరి ఫర్లాంగులో ఇంకో రకం తప్పు జరుగుతుంది. అలసిన గుర్రం ఒక పక్కకు ఒరిగిపోతుంటుంది. జాకీ కొట్టడం ఆపి, విప్ (కొరడా) చెయ్యి మార్చి, కళ్లెం లాగి దాన్ని నిలబెట్టాలి. ఆపితే రేసు పోతుందేమోనని ఆపడు. స్టీవార్డులు వీడియోలో వెతికేది దీన్నే. ఒరిగింది గుర్రమే, సరే. తెలిశాక నువ్వేం చేశావు అని అడుగుతారు.

అంటే అజాగ్రత్త అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు పనులు దాక్కుంటున్నాయి. ఒకటి అంచనా తప్పడం. రెండోది తెలిసి తెగించడం. బ్రిటన్ నియమాల్లో అజాగ్రత్త, అనుచితం, ప్రమాదకరం అని మెట్లు ఉన్న మాట నిజమే. కానీ రోజూ పడే శిక్షల్లో ఎక్కువ భాగం మొదటి మెట్టు మీదే ఆగిపోతాయి. పైమెట్టు ఎక్కించాలంటే జాకీ మనసులో ఏముందో తేల్చాలి, దానికి ఎవరూ అంత తొందరగా సిద్ధపడరు.

ఇక ఆ రెండో కేసు. 2022 సెప్టెంబర్ 30, శుక్రవారం, పారిస్ పక్కన సేన్ క్లూ కోర్సు. జాకీ క్రిస్టోఫ్ సుమియాన్ పక్కన వస్తున్న ఇంకో జాకీ రోసా రయాన్‌ను మోచేత్తో నెట్టాడు. రయాన్ కింద పడ్డాడు. పెద్ద దెబ్బలు తగలకపోవడం అతని అదృష్టం. వీడియో ప్రపంచమంతా తిరిగింది. సుమియాన్ క్షమాపణ చెప్పాడు. అరవై రోజుల నిషేధం వేశారు. చూడటానికి గట్టి శిక్షే. కానీ అది మొదలయ్యేది అక్టోబర్ 14న. మధ్యలో అక్టోబర్ 2, ఆదివారం నాడు యూరప్‌లోకెల్లా పెద్ద రేసు ఆర్క్ ద ట్రయాంఫ్ ఉంది. రెండు రోజుల కిందట తోటి మనిషిని గుర్రం మీంచి తోసినాయన దర్జాగా వాడెనీ అనే గుర్రం ఎక్కి, ఆల్పినిస్టా అనే గుర్రం వెనక రెండో స్థానంలో వచ్చాడు.

ఇప్పుడు విలియమ్స్‌ను గుర్తు చేసుకోండి. అజాగ్రత్త అని తేలిన ఆయన జీవితంలో అతి పెద్ద రేసు పోగొట్టుకున్నాడు. మోచెయ్యి ఆడించిన ఈయన పరిగెత్తాడు. తప్పు బరువును బట్టి కాకుండా, నిషేధం ఏ తేదీన మొదలవుతుంది, ఆ తేదీల్లో ఏ రేసు ఉంది అన్నదాన్ని బట్టి శిక్ష బరువు మారిపోయింది. సుమియాన్‌కు నిజంగా తగిలిన దెబ్బ స్టీవార్డులు కొట్టింది కాదు. కొద్ది రోజులకే గుర్రాల యజమాని ఆగాఖాన్ ఆయనతో ఉన్న ఒప్పందం వదులుకున్నారు. యజమానికి కనిపించింది నిబంధనల పుస్తకానికి కనిపించలేదు.

ఆలస్యంగా మొదలుపెట్టడానికి కారణం లేకపోలేదు. జాకీల పేర్లు ముందే ఖరారవుతాయి, గుర్రం యజమాని ఏ తప్పూ చేయలేదు, జాకీకి అప్పీలు చేసుకునే టైమ్ కావాలి. మామూలు తప్పులకు ఇది న్యాయమే. మనిషిని కింద పడేసిన కేసులో మాత్రం ఈ వాదన నాకు మింగుడు పడదు. తాగి బస్సు నడిపిన డ్రైవర్‌కు, రిజర్వేషన్లు అయిపోయాయి కాబట్టి పండగ వెళ్లేదాకా నడిపి ఆ తర్వాత ఇంట్లో కూర్చో అంటామా?

ఇంకో చిక్కు గుర్రం ఫలితంతో వస్తుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, హాంకాంగ్ లాంటి చోట్ల, అడ్డు తగలకపోతే దెబ్బతిన్న గుర్రం నిజంగా ముందు వచ్చేదా అని చూస్తారు. రాదనిపిస్తే ఫలితం మార్చరు, జాకీని మాత్రం శిక్షిస్తారు. జపాన్ 2013లో, ఫ్రాన్స్ 2018లో ఈ దారికే వచ్చాయి. అమెరికా రాలేదు. 2019 కెంటకీ డెర్బీలో మ్యాగ్జిమమ్ సెక్యూరిటీ అనే గుర్రం ఒకటిముప్పావు లెంత్‌ల (గుర్రం పొడవు ఒక లెంత్) తేడాతో గెలిచింది. మలుపులో పక్కకు జరిగి మిగతావాటి దారికి అడ్డొచ్చిందని, ఇరవై నిమిషాలకు పైగా వీడియోలు చూసి, దాన్ని పదిహేడో స్థానానికి దించారు. పందెంలో 65కు 1 ధర ఉన్న, అంటే గెలుస్తుందని ఎవరూ పెద్దగా అనుకోని కంట్రీ హౌస్ విజేత అయింది. జాకీ లూయీస్ సయేజ్‌కు 15 రేసు రోజుల సస్పెన్షన్ పడింది. జనం అరుపులకు గుర్రం బెదిరిందని ఆయన అన్నాడు. యజమానులు కోర్టుకెళ్లినా నెగ్గలేదు.

బ్రిటన్లో పరిగెత్తి ఉంటే ఆ గుర్రానికి డెర్బీ దక్కేదని నా నమ్మకం. ఫలితం విషయంలో బ్రిటన్ పద్ధతే నాకు నచ్చుతుంది, మెరుగైన గుర్రం గెలవాలి కదా. పైగా బ్రిటన్‌లోనే 2015 సెయింట్ లెజర్ రేసులో గెలిచిన సింపుల్ వర్స్ అనే గుర్రాన్ని స్టీవార్డులు కిందికి దించితే, కొద్ది రోజులకు అప్పీలు ప్యానెల్ మళ్లీ గెలుపు ఇచ్చింది. అదే వీడియోను రెండు గదుల్లో చూసి రెండు తీర్పులు చెప్పారు. ఫలితాలను మాటిమాటికీ తిరగరాయకపోవడమే మంచిది. కానీ ఆ పద్ధతికి ఒక ఖరీదుంది. గుర్రం స్థానం పోదు, బహుమతిలో జాకీ వాటా కూడా పోదు. అంటే పెద్ద రేసులో తెగించిన జాకీకి లెక్క తేలిగ్గా తేలిపోతుంది. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే కెరీర్‌లో నిలిచిపోయే గెలుపు. బేరం బాగుందా లేదా? ఏ జాకీ అయినా అలా లెక్కేసే నడుపుతాడని నేననను, క్షణంలో అంత లెక్క కుదరదు. కానీ ఒరుగుతున్న గుర్రాన్ని నిలబెట్టాలా వద్దా అని చేతులు తటపటాయించే ఆ క్షణంలో, ఏది పోతుందన్న భయం ఎంత అన్నది తేడా తెస్తుంది.

అందుకే ఆ భయాన్ని రోజుల్లో కాకుండా రేసు విలువలో కొలవాలి. 2015 మెల్‌బోర్న్ కప్‌లో మ్యాక్స్ డైనమైట్ మీద రెండో స్థానంలో వచ్చిన జాకీ ఫ్రాంకీ డెటోరికి అజాగ్రత్త కింద నెల రోజుల సస్పెన్షన్‌తో పాటు 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేశారు. దిక్కు సరైనదే. ఇంకాస్త ముందుకెళ్లి, తప్పు తెగింపు అని తేలితే ఆ రేసులో జాకీకి వచ్చే వాటా మొత్తం తీసేయాలి. ఆ పైన మోచెయ్యి లాంటి కేసుల్లో అప్పీలు తేలేదాకా గుర్రం ఎక్కనివ్వకూడదు. అంచనా తప్పిన కుర్రాడికి మాత్రం రోజుల శిక్ష చాలు, దానితో పాటు పాత జాకీ పక్కన కూర్చుని ఆ వీడియో చూపిస్తే ఇంకా మంచిది. కొత్తవాళ్ల దగ్గర తరచూ కనిపించేది పొగరు కాదు, టెన్షన్.

మన దగ్గర ఈ చర్చకు ఇంకో కోణం ఉంది. 1996లో మద్రాస్ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందాలు అదృష్టం మీద కాక నైపుణ్యం మీద నడిచే ఆట అని చెప్పింది. హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో వానాకాలం సీజన్ అయినా, చలికాలం సీజన్ అయినా రేసులకు నిలబడటానికి చోటిచ్చింది ఆ మాటే. గుర్రం శిక్షణ ఎంతో, దాన్ని నడిపే చేతులూ అంతే అన్నది ఆ వాదనలో భాగం. నైపుణ్యం పేరు చెప్పి నడిచే ఆటలో, ఆ నైపుణ్యం ఎప్పుడు తప్పింది, ఎందుకు తప్పిందనుకున్నారు అన్నది టికెట్ కొన్నవాడికి తెలియాలి. హాంకాంగ్‌లో ప్రతి రేసు మీదా స్టీవార్డుల రిపోర్టు ప్రజలకు దొరుకుతుంది, ఏ గుర్రం ఏ మలుపులో ఎవర్ని తాకిందో గుర్రం పేరుతో సహా.

ఇక్కడ కూడా పలానా జాకీ ఇన్ని రోజులు సస్పెండ్ అన్న ఒక్క వాక్యంతో ఆగకూడదు. పక్కనుంచి తీసిన వీడియోలో గుర్రాలు తిన్నగానే పోతున్నట్టుంటాయి. ఎవరు ఎవరి దారిలోకి జరిగారో తెలిసేది ఎదురుగా పెట్టిన కెమెరాలోనే. సస్పెన్షన్ నోటీసు పక్కన ఆ ముప్పై సెకన్ల ముక్క పెడితే, టోట్ (పందెం టికెట్లు అమ్మే) కిటికీ దగ్గర స్టీవార్డులను తిట్టుకుంటున్నవాడు కనీసం దేనికి తిడుతున్నాడో చూసుకుని తిడతాడు.