సైన్యం సముద్రం దాటే ముందు

1991 మే 21 సాయంత్రం. విశాఖపట్నంలో ఎన్నికల ప్రచారం ముగించుకుని మద్రాసు వెళ్లాల్సిన రాజీవ్ గాంధీ విమానంలో లోపం బయటపడింది. ఇక ఈ రాత్రికి ఇక్కడే అనుకుని ఆయన సర్క్యూట్ హౌస్ దారి పట్టారు. అంతలో విమానం బాగైందని కబురు రావడంతో వెనక్కి తిరిగారు. ఆ మరమ్మతు ఇంకో రెండు గంటలు ఆలస్యమై ఉంటే ఎంత బాగుండేదని అప్పట్లో అనుకోని వాళ్లు తక్కువ. ఆ రాత్రే శ్రీపెరంబుదూరులో మానవబాంబు పేలింది.

ఆ తేదీని ఏటా ఉగ్రవాద వ్యతిరేక దినంగా పాటిస్తున్నాం. ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగులు వరుసగా నిలబడి ప్రతిజ్ఞ చదివి, మళ్లీ ఫైళ్ల ముందు కూర్చుంటారు. ప్రతిజ్ఞలో అహింస ఉంటుంది, సామరస్యం ఉంటుంది. ఆ తేదీ మన క్యాలెండర్‌లోకి ఎలా వచ్చిందన్నది మాత్రం ఉండదు. అది రావడానికి దారి నాలుగేళ్ల ముందే పడింది. మన సైన్యాన్ని పక్క దేశానికి పంపాలని ఢిల్లీలో కొద్దిమంది తీసుకున్న నిర్ణయంతో పడింది.

1987 జులై 29న కొలంబోలో అప్పటి మన ప్రధాని రాజీవ్, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే, అక్కడి తమిళ మిలిటెంట్ల పోరును ముగించే ఒప్పందంపై సంతకాలు చేశారు. మర్నాటికల్లా మన సైనికులు జాఫ్నాలో దిగారు. వాళ్ల పేరే శాంతి పరిరక్షణ దళం. మిలిటెంట్లు ఆయుధాలు అప్పగిస్తుంటే పక్కన నిలబడి చూడటమే వాళ్ల పని అన్నారు. ఆ మిలిటెంట్లలో చాలామందికి అంతకుముందు మన గడ్డ మీదే శిక్షణ ఇచ్చాం కాబట్టి మన మాట వింటారని నమ్మారు. అక్టోబర్ మొదట్లో పట్టుబడిన, ఆ మిలిటెంట్లలో ప్రధానమైన ఎల్టీటీఈ (తమిళ ఈలం విముక్తి పులులు) మనుషుల్లో పన్నెండు మంది సైనైడ్ మింగి చనిపోవడంతో ఆ నమ్మకం తెగిపోయింది. వారం తిరక్కుండానే ఎల్టీటీఈ చేతిలోని జాఫ్నాను పట్టుకునే ఆపరేషన్ పవన్ మొదలైంది. జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ ప్లటూన్‌లో ముప్ఫై మందికి ఒక్కడే బతికాడు, అదీ శత్రువు చేతికి చిక్కి. అదే నెలలో జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు సహా అరవై మందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పుల్లో జరిగిందని సైన్యం అంటుంది. అక్కడి తమిళులు ఆ మాట ఎప్పుడూ ఒప్పుకోలేదు.

రోజుల్లో తేలిపోతుందనుకున్న పని రెండున్నరేళ్లు సాగింది. దాదాపు 1,200 మంది జవాన్లను పోగొట్టుకున్నాం. మనల్ని పిలిచిన దేశంలో ప్రభుత్వం మారింది. కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మన సైన్యాన్ని వెళ్లిపొమ్మన్నారు, అంతటితో ఆగక ఎల్టీటీఈకి ఆయుధాలూ అందించారు. 1990 మార్చిలో చివరి దళం మద్రాసు రేవులో దిగినప్పుడు స్వాగతం చెప్పడానికి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. దేశం కోసం వెళ్లామనుకున్న జవానుకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అదే ఏడాది ఆగస్టులో రాజీవ్ ఒక పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చారు. అందులో చెప్పిన మాటలతో, ఆయన మళ్లీ అధికారంలోకి వస్తే సైన్యం మళ్లీ వస్తుందని ఎల్టీటీఈ భయపడింది. హత్యకు మూలం ఆ భయమేనని కోర్టు రికార్డుల్లోనే ఉంది. ఇక్కడో విచిత్రం చెప్పుకోవాలి. ఈ హత్య అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కిందకు వచ్చే ఉగ్రవాద చర్య కాదని 1999లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రజలను భయపెట్టడానికో, ప్రభుత్వాన్ని లొంగదీయడానికో కాక ఒక వ్యక్తి మీద కక్షతో చేశారని కోర్టు భావించింది. అంటే మనం ఉగ్రవాద వ్యతిరేక దినం పాటించేది చట్టం ఉగ్రవాదం అనని ఒక హత్య జరిగిన రోజున. లాయర్ల లెక్క ఎలా ఉన్నా, పరాయి గడ్డ మీద మొదలైన యుద్ధం మన ఊరి సభా వేదిక దాకా నడిచి వచ్చిందన్నది మాత్రం నిజం.

ఈ మాట అనగానే కొందరికి కోపం వస్తుంది. అంటే హంతకులను సమర్థిస్తున్నారా అని అడుగుతారు. లేదు. దండ వేయడానికి వచ్చినట్టు నటించి బాంబు పేల్చిన వాళ్ల పాపం వాళ్లదే, దాన్ని పంచుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. వాన పడితే గోడ నానుతుందని చెప్పినవాణ్ణి వాన పక్షం అనడం ఎలాంటిదో ఈ ఆరోపణా అలాంటిదే. ఎవరిది నేరం అన్నది ఒక ప్రశ్న. ఏ నిర్ణయం వల్ల ఎంత ముప్పు పెరుగుతుంది అన్నది ఇంకో ప్రశ్న. రెండోది అడగనివ్వకుండా మొదటిదాన్ని అడ్డం పెట్టడం అన్ని దేశాల్లో పాలకులకూ అలవాటే.

ఈ అలవాటు ఎంత దూరం తీసుకెళ్తుందో బ్రిటన్‌లో చూశాం. ఇరాక్ మీద దాడికి దిగితే అల్‌ఖైదా నుంచి ముప్పు ఇంకా పెరుగుతుందని అక్కడి జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ 2003 ఫిబ్రవరిలోనే ప్రభుత్వానికి రాసిచ్చింది. మార్చి 18న పార్లమెంటు 412-149 ఓట్లతో యుద్ధానికి సరే అంది. ఆ అంచనా సంగతి జనానికి తెలిసింది సెప్టెంబర్‌లో, ఒక పార్లమెంటరీ కమిటీ నివేదిక ద్వారా. అప్పటికి బాగ్దాద్ పడిపోయి ఐదు నెలలు. చర్చ జరిగింది, ఓటింగ్ జరిగింది, రాత్రి పొద్దుపోయేదాకా ఉపన్యాసాలు సాగాయి. మన ఇంటి మీదకు ఏం రావచ్చన్న కాగితం మాత్రం ఓటేసిన సభ్యుల బల్ల మీద లేదు.

2005 జులై 7న లండన్ మెట్రో రైళ్లలో, ఒక బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. పేల్చిన నలుగురూ ఎక్కడి నుంచో ఊడిపడ్డవాళ్లు కాదు, బ్రిటన్‌లో పెరిగిన యువకులే. ఇరాక్‌కూ దీనికీ సంబంధం లేదని, 2001లో న్యూయార్క్ మీద దాడి జరిగినప్పుడు ఇరాక్ యుద్ధం ఎక్కడుందని ప్రధాని బ్లెయిర్ వాదించారు. ఆ వాదనలో సగం నిజముంది, అల్‌ఖైదాకు ఇరాక్ అవసరం లేదు. కానీ ముప్పు ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు, పెరిగిందా లేదా అన్నది. పెరిగిందని, అదీ గణనీయంగా పెరిగిందని చెప్పింది ఏ యుద్ధ వ్యతిరేక సంఘమో కాదు. ఆ రోజుల్లో బ్రిటన్ అంతర్గత నిఘా సంస్థ ఎంఐ5 అధిపతిగా ఉన్న ఎలిజా మానింగ్‌హామ్-బుల్లర్ 2010లో, ఇరాక్ యుద్ధంపై జరిగిన చిల్కాట్ విచారణ ముందు ఈ మాట చెప్పారు. ఆ విచారణ నివేదిక 2016లో వచ్చింది, 12 సంపుటాలు, 26 లక్షల పదాలు. చేతులు కాలాక ఇన్ని ఆకులు పట్టుకున్న దేశం ఇంకోటి లేదేమో.

స్పెయిన్ సంగతి ఇంకో రకం. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాయి, 190 మందికి పైగా చనిపోయారు. మూడు రోజుల్లో ఎన్నికలు. ఇరాక్‌కు సైన్యాన్ని పంపిన ప్రభుత్వం, ఇది బాస్క్ వేర్పాటువాదుల పనేనని పట్టుపట్టి చెప్పింది. ఆధారాలు వేరే దారి చూపిస్తున్నా చెబుతూనే ఉంది. జనం ఓడించారు. ముప్పు పెరిగిందని ఓటర్లకు కోపం వచ్చిందో లేదో గానీ, అబద్ధం చెప్పారని మాత్రం వచ్చింది. కొత్త ప్రభుత్వం సైన్యాన్ని వెనక్కి పిలిచింది. అయితే ఆ హామీ ఇచ్చి గెలిచిన కొన్ని వారాలకే, ఏప్రిల్ మొదట్లో, మాడ్రిడ్-సెవిల్ హైస్పీడ్ పట్టాల కింద ఇంకో బాంబు దొరికింది. వెనక్కి వస్తామన్నంత మాత్రాన ఉగ్రవాది రసీదు రాసివ్వడు.

ఈ సంగతి తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. 2007 ఆగస్టు 25న హైదరాబాద్ గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో 42 మంది చనిపోయారు. 2013లో దిల్‌సుఖ్‌నగర్. మధ్యలో ముంబై 26/11. ఆ ఏళ్లలో ఏ దేశం మీదా దాడికి మన సైన్యం వెళ్లలేదు. అఫ్గానిస్థాన్‌లో మనం రోడ్డు వేశాం, పార్లమెంటు భవనం కట్టడం మొదలుపెట్టాం. అయినా 2008 జులైలో కాబూల్‌లోని మన ఎంబసీ గేటు ముందు కారు బాంబు పేలింది. దౌత్యాధికారి వి.వెంకటేశ్వరరావు, బ్రిగేడియర్ రవిదత్ మెహతా సహా యాభై మందికి పైగా బలయ్యారు. కాబట్టి ఇంట్లో తలుపులేసుకుని కూర్చుంటే ఎవరూ మన జోలికి రారన్న వాదన నిలబడదు. బాంబుకు భయపడి విదేశాంగ విధానం రాసుకోవాలని మేము అనడం లేదు. అలా రాసుకుంటే కలం బాంబు పెట్టినవాడి చేతికిచ్చినట్టే.

మేము అడిగేది చిన్న విషయం. సైన్యాన్ని బయటకు పంపే ముందు, ఇంటి మీదకు వచ్చే ముప్పు ఎంతో లెక్క కట్టాలి, ఆ లెక్కను ప్రజాప్రతినిధులకు చూపించాలి. ఆ లెక్క చూశాక కూడా వెళ్లడమే సరైనదని అనిపించవచ్చు. 1988 నవంబర్‌లో మాల్దీవుల్లో కిరాయి సైనికులు కుట్రకు దిగితే మన పారాట్రూపర్లు ఆగ్రా నుంచి గంటల్లో ఎగిరి వెళ్లి అధ్యక్షుడు గయూమ్‌ను కాపాడారు. అలాంటప్పుడు సభను సమావేశపరిచి, స్పీకర్ గంట కొట్టేదాకా ఆగమని ఎవరూ అనరు. కానీ శ్రీలంక అలాంటి అత్యవసరం కాదు. సంతకాలకు ముందు వారాల తరబడి మంతనాలు నడిచాయి. పార్లమెంటులో ఓటింగ్ మాత్రం జరగలేదు.

సరిగ్గా ఆలోచించిన సందర్భమూ మనకుంది. 2003లో ఇరాక్‌కు ఒక డివిజన్, అంటే సుమారు 17 వేల మందిని పంపమని అమెరికా అడిగింది. పంపితే లాభమే అన్నవాళ్లు ఢిల్లీలో తక్కువేం లేరు. అంతకు ముందే ఏప్రిల్‌లో పార్లమెంటు యుద్ధానికి వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. హిందీ ప్రతిలో ‘నిందా’ అని, ఇంగ్లిషు ప్రతిలో అంతకన్నా మెత్తని మాట పెట్టి పాము చావకుండా కర్ర విరగకుండా నెగ్గుకొచ్చారు. మాట మెత్తనిదైనా సభ అభిప్రాయం అందరికీ తెలిసిపోయింది. వాజ్‌పేయి ప్రతిపక్షంతో మాట్లాడారు. జులై 14న, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా సైన్యాన్ని పంపేది లేదని మంత్రివర్గ సంఘం తేల్చింది. పక్కనే కువైట్‌లో కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన వేలమంది ఇళ్లలో పని చేసుకుంటున్నారు. ఆ తర్వాతి ఏళ్లలో ఇరాక్ ఏమైందో చూశాక ఆ నిర్ణయం తప్పని అన్నవాళ్లు మాకు కనిపించలేదు.

అయితే ఆ రోజు మంచి జరిగింది చట్టం వల్ల కాదు, ప్రధాని స్వభావం వల్ల, సంకీర్ణ ప్రభుత్వ పరిస్థితి వల్ల. విదేశాలకు సైన్యాన్ని పంపడానికి పార్లమెంటు అనుమతి తప్పనిసరి అని మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అమెరికాలో 1973 నుంచి యుద్ధాధికారాల చట్టం ఉంది. అధ్యక్షుడు సైన్యాన్ని దింపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి, అనుమతి రాకపోతే 60 రోజుల్లో ఆపాలి. ఆ చట్టాన్ని అధ్యక్షులు ఎన్నిసార్లు తప్పించుకున్నారో లోకానికి తెలుసు. అయినా తప్పించుకోవడానికైనా ఒక గీత ఉంది, మనకు ఆ గీతే లేదు.

అత్యవసరమైతే ముందు వెళ్లనివ్వండి, కొద్ది రోజుల్లో సభకు వచ్చి చెప్పనివ్వండి. తీరిగ్గా తీసుకునే నిర్ణయమైతే ముందే చర్చ జరగాలి. నిఘా సంస్థల అంచనా బహిరంగంగా చదవలేరు, నిజమే. అన్ని పార్టీల సభ్యులున్న ఒక కమిటీకి మూసిన తలుపుల వెనుక చూపించవచ్చు. రహస్యాలు కాపాడలేని వాళ్లకు యుద్ధం మీద ఓటు ఇవ్వడం ఎందుకని ఎవరైనా అడిగితే, అసలు ఏ ఓటూ ఎందుకిచ్చారని మేము అడగాల్సి వస్తుంది.

రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ప్రైవేటు సభ్యుల బిల్లులకు శుక్రవారం మధ్యాహ్నాలు ఉన్నాయి. ఆ సమయానికి సభలో కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉంటాయన్నది వేరే సంగతి. ఎవరో ఒకరు ఈ పద్ధతిని చట్టం చేసే బిల్లు తేవాలి. రాజీవ్ ఆఖరి ప్రయాణం మొదలైన విశాఖపట్నం సభ్యుడే తెస్తే ఇంకా బాగుంటుంది.