ఓటమిని కప్పిన ఎర్రకోటు

లండన్ నేషనల్ గ్యాలరీలో కెప్టెన్ రాబర్ట్ ఓర్మ్ చిత్తరువు ముందు నిలబడితే గెలిచి వచ్చిన వీరుణ్ని చూస్తున్నామనిపిస్తుంది. ఇంగ్లిష్ చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ దాన్ని గీసింది 1756లో. అంతకు ఏడాది ముందు, 1755 జులై 9న, ఉత్తర అమెరికాలోని మొనాంగహేలా నది దగ్గర జనరల్ బ్రాడక్ నడిపిన బ్రిటిష్ సేన ఫ్రెంచివారి చేతిలో, వారి వెంట నడిచిన స్థానిక తెగల చేతిలో చిత్తయింది. సుమారు 1,300 మందిలో 900 మంది దాకా చనిపోయారు లేదా గాయపడ్డారు. నాలుగు రోజులకు బ్రాడక్ కూడా కన్నుమూశాడు. ఆయన ఏడీసీల్లో (సేనాపతి వెంట ఉండే సహాయక అధికారుల్లో) ఒకడైన ఓర్మ్‌కూ గాయమైంది. తర్వాత అమెరికా తొలి అధ్యక్షుడైన జార్జ్ వాషింగ్టన్ కూడా బ్రాడక్ దగ్గర ఏడీసీయే.

బొమ్మలో ఆ పరాజయం ఎక్కడుంది? ఎర్రకోటు, చేతిలో ఉత్తరం, పక్కన తల వంచిన గుర్రం, వెనక కమ్ముకొచ్చిన మబ్బు. యుద్ధం దూరంగా, చిన్నగా కనిపిస్తుంది. ఓర్మ్ నిలబడిన భంగిమ కూడా అమెరికాది కాదు. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పాతకాలపు చిత్రకారుడు లిగోజ్జి గీసిన కుడ్యచిత్రాన్ని చూసి 1752లో రేనాల్డ్స్ తన స్కెచ్ పుస్తకంలో దించుకున్నది. దాదాపు 94 అంగుళాల ఎత్తు, 58 అంగుళాల వెడల్పున్న కాన్వాస్ మీద మనిషి నిలువెత్తున ఉంటాడు. ఇలాంటి బొమ్మల్లో నేల, ఆకాశం కలిసే గీతను కిందికి దించితే చాలు, చూసేవాడు తల పైకెత్తాల్సిందే. ఓడినవాడికి ఠీవి తెచ్చింది ఈ పనితనమే అని నా అభిప్రాయం.

ఓర్మ్ మాత్రం దీన్ని కొనలేదు. ఇరవై ఏళ్లకు పైగా రేనాల్డ్స్ దగ్గరే ఉండి, వచ్చినవాళ్లకు ఆయన సత్తా చూపించే నమూనాగా పనికొచ్చింది.

రేనాల్డ్స్ చిత్రాల్ని చూసేటప్పుడు ముందు చెంపలు చూడాలి. చర్మపు ఎరుపు కోసం ఆయన కొచినీల్ పురుగుల నుంచి తీసిన, ‘లేక్’ అనే ఎర్ర రంగు వాడేవాడు. వెలుతురు తగిలితే అది వెలిసిపోతుంది. అందుకే ఆయన గీసిన ముఖాలు చాలా చోట్ల రక్తం లేనట్టు తెల్లబోయి ఉంటాయి. దాని బదులు ఇంగిలీకం (వర్మిలియన్ అనే ఎర్ర రంగు) వాడమంటే, తన చేతి చర్మంలో ఆ రంగు లేదని కొట్టిపారేశాడట. పైగా నూనెలో రెజిన్లు, మైనం కలపడం ఆయనకు అలవాటు. అలాంటి చోట పాత వార్నిష్ తీయబోతే ద్రావకం కింది రంగును కూడా కరిగించేస్తుంది. ఆయన బొమ్మల్ని శుభ్రం చేయడానికి మ్యూజియంలు వెనకాడటం తప్పేమీ కాదు.