యుద్ధకళలు నేర్చినవారి ఊపిరితిత్తులు నిజంగా పెద్దవా?

కరాటే, జూడో, తైక్వాండో సాధన చేసేవారికీ ఏ ఆటా ఆడనివారికీ స్పైరోమెట్రీ (ఒక్క ఊపిరిలో ఎంత గాలిని, ఎంత వేగంగా వదలగలరో కొలిచే) పరీక్ష చేస్తే, తరచుగా మొదటివారి అంకెలే మెరుగ్గా ఉంటాయి. అంతమాత్రాన శిక్షణే వారి ఊపిరితిత్తులను పెంచిందని తేల్చేయడం తొందరపాటు.

ఈ పోలిక కొత్తదేమీ కాదు. ఈ పరీక్షకు ఆద్యుడైన ఆంగ్ల వైద్యుడు జాన్ హచిన్సన్ 1846లో ప్రకటించిన ఫలితాల్లో నావికులు, పోలీసులతో పాటు మల్లయోధులు, ముష్టియోధులూ ఉన్నారు. రెండు వేలకు పైగా మందిని పరీక్షించిన ఆయనకు స్పష్టంగా కనిపించిన సంబంధం ఎత్తుతోనే. నేటికీ వయసు, లింగం, ఎత్తు చూడకుండా లీటర్ల లెక్క మాత్రమే చెబితే అది అసంపూర్ణమే. పొడవాటి కాళ్లు కలిసొచ్చే తైక్వాండోలో పొడగరులే ఎక్కువగా నిలదొక్కుకుంటే, ఆ ఘనత శిక్షణదా, ఎంపికదా?

పరీక్ష తీరులోనూ ఒక చిక్కుంది. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, గొట్టం చుట్టూ పెదవులు బిగించి, గుండెల నిండా పీల్చిన గాలిని ఒక్క ఉదుటున వదలాలి; టెక్నీషియన్ పక్కనే నిలబడి 'ఊదండి, ఇంకా ఊదండి' అని పురమాయిస్తూనే ఉంటారు. కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదాలి. వాటిలో మేలైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. దెబ్బ వేసే క్షణాన పొట్ట బిగించి, అరుస్తూ గాలి వదలడం అలవాటైన కరాటే విద్యార్థికి ఈ పని సులువు; రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగి రెండోసారికే నీరసపడతాడు.

పెద్దల్లో వ్యాయామం వల్ల గాలి తిత్తులు, శ్వాసనాళాలు చెప్పుకోదగ్గంతగా పెరగవు. బలపడేవి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే శ్వాస కండరం), పక్కటెముకల మధ్య కండరాలు. అందుకే నా దృష్టిలో మొత్తం గాలి పరిమాణం కన్నా, పన్నెండు సెకన్లపాటు వేగంగా, లోతుగా ఊపిరి తీయించి లెక్కగట్టే గరిష్ఠ శ్వాస సామర్థ్యమే ఇక్కడ ఎక్కువ చెబుతుంది. ఆరోగ్యవంతుల్లో దమ్ముకు హద్దు గీసేది కూడా చాలావరకు గుండె పంపే రక్తమే, ఊపిరితిత్తులు కావు.

శిక్షణ ప్రభావం తేలాలంటే, కొత్తగా చేరిన పిల్లలనూ చేరని తోటివారినీ కొన్నేళ్లపాటు వెంటబడి కొలవాలి. ఆ వయసులో ఎత్తుతో పాటు ఊపిరితిత్తులూ వాటంతటవే పెరుగుతాయి కనుక ఆ పెరుగుదలను మినహాయించాలి. విశ్రాంతిలో చేసే పరీక్షతోనూ సరిపెట్టుకోకూడదు: వ్యాయామం తర్వాత శ్వాసనాళాలు ముడుచుకునే సమస్య ఉన్న క్రీడాకారుడికి కూర్చుని ఊదినప్పుడు అంకెలన్నీ సవ్యంగానే రావచ్చు.